వచ్చినవారి లెక్క, రానివారి లెక్క

(కార్యదర్శుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యక్రమ పత్రంలో నా ప్రసంగానికి ఇచ్చిన పేరు కొంచెం పొడుగైనది: "ఏ.ఐ. సహాయకుల ద్వారా మన వెబ్‌సైట్లకు వచ్చేవారిని లెక్కించుట". ఈ పేరు చూసి, ఇది కంప్యూటరు తెలిసిన కుర్రవాళ్ళకు సంబంధించిన విషయమని, పెద్దలు ఈ అరగంటలో టీ త్రాగి రావచ్చునని కొందరు అనుకొని ఉంటారు. అట్లా అనుకొనవద్దని నా మనవి. లెక్క అనునది మన రెండు శాఖలలోను ఏనాడూ కేవలం గుమాస్తా పని కాదు. ఉత్తరాల లెక్క తీసిన రోజులలో సంచులు తేలికగా ఉంటే, ఆ కాగితం పై కార్యాలయానికి చేరి, కొంతకాలానికి ఒక పోస్టు రద్దు ఉత్తర్వుగా తిరిగి వస్తుంది. చిన్న స్టేషన్‌లో కౌంటరు అమ్మకం తగ్గినదంటే హాల్టు ఎత్తివేత ప్రతిపాదన బయలుదేరుతుంది. ప్రయాణికులు నిజంగా తగ్గినారా, లేక టికెట్టు ఫోనులో కొనుక్కొని అదే బండి ఎక్కుతున్నారా అని విచారించే నాథుడుండడు. లెక్క తప్పు కాకపోవచ్చు. లెక్క పెట్టిన చోటు తప్పు.

ఇప్పుడు సరిగా ఈ తీరే మన వెబ్‌సైట్ల విషయంలో కనబడుతున్నది. "వెబ్‌సైటుకు వచ్చేవారు తగ్గుతున్నారు. సర్క్యులర్లను తెలుగులో పెట్టుట వృథా శ్రమ. ఇంగ్లీషు ప్రతి ఒక్కటి చాలును" అని కొన్ని శాఖల నుండి సూచనలు వస్తున్నాయి. సూచన చేసినవారి ఉద్దేశంపై నాకు అనుమానం లేదు. వారు చూపే ఆధారం మాత్రం ఒకే ఒక అంకె, నెలకు ఇంతమంది సందర్శకులు అనునది. ఆ అంకెలో ఏమున్నది, ఏమి లేదు అన్నది చూడకుండా తెలుగు పేజీని మూసివేస్తే, హాల్టు ఎత్తివేసిన అధికారికీ మనకూ తేడా ఉండదు.

మార్పు ఎక్కడ వచ్చినదో ముందు చూద్దాం. డి.ఎ. ఎంత పెరిగినది, బదిలీ నిబంధన ఏమిటి అని తెలుసుకొనదలచిన సభ్యుడు గతంలో గూగుల్‌లో వెతికి, అక్కడ కనబడిన వరుసలో మన వెబ్‌సైటును నొక్కి లోపలికి వచ్చేవాడు. 2022 నవంబరు 30న చాట్‌జీపీటీ ప్రజల చేతికి వచ్చినది. 2024 అక్టోబరు 31న దానికి అప్పటికప్పుడు ఇంటర్నెట్‌లో వెతికి జవాబు చెప్పే ఏర్పాటు ప్రకటించారు. పెర్ప్లెక్సిటీ, కోపైలట్, జెమినై, క్లాడ్ అనునవి ఇదే పని తమ తమ రీతులలో చేస్తున్నాయి. గూగుల్ సంస్థ కూడా వెతుకులాట ఫలితాల పైభాగాన తానే ఒక సారాంశం వ్రాసి పెట్టుటను 2024 మే నెలలో అమెరికాలో, ఆగస్టులో మన దేశంలో ప్రారంభించినది. ఇప్పుడు సభ్యుడు ప్రశ్న అడుగుతాడు, జవాబు అక్కడే చదువుతాడు. జవాబు క్రింద మన వెబ్‌సైటు పేరు చిన్న అక్షరాలలో ఉండవచ్చు. దానిని నొక్కినవాడు మన లెక్కలోకి వస్తాడు. నొక్కనివాడు రాడు.

ఎంతమంది నొక్కుతున్నారు? అమెరికాలోని ప్యూ పరిశోధనా కేంద్రం 2025 మార్చిలో సుమారు 900 మంది వయోజనుల గూగుల్ వాడకాన్ని పరిశీలించి, జూలైలో ఫలితం ప్రకటించినది. సారాంశం కనబడని వెతుకులాటలలో 15 శాతం సందర్భాలలో ఏదో ఒక ఫలితాన్ని నొక్కారు. సారాంశం కనబడినప్పుడు అది 8 శాతానికి పడిపోయినది. సారాంశంలోనే ఇచ్చిన లింకును నొక్కినది 1 శాతం. ఇది అమెరికా లెక్క, మన గ్యాంగ్‌మన్ లేక మన గ్రామీణ డాక్ సేవకుని అలవాట్ల లెక్క కాదు. అయినను దారి ఎటు పోతున్నదో దీనివలన తెలుస్తున్నది. సందర్శకుల సంఖ్య తగ్గినంత మాత్రాన చదివేవారు తగ్గినారని చెప్పుటకు వీలులేదు.

ఇక, లోపలికి వచ్చినవాడు ఎక్కడి నుండి వచ్చినాడో మనకెట్లా తెలుస్తుంది? తపాలా సోదరులకు ఇది చెప్పనవసరం లేదు. కవరు మీద పోస్టు చేసిన ఆఫీసు తేదీముద్ర ఉంటుంది. ఇంటర్నెట్‌లో కూడా అటువంటి ముద్ర ఒకటి ఉన్నది. ఒక పేజీ నుండి లింకు నొక్కి మరొక పేజీకి వెళ్ళినప్పుడు, "నేను ఫలానా చోటు నుండి వస్తున్నాను" అని బ్రౌజరు తనంతట తానే చెబుతుంది. దానికి రెఫరర్ అని పేరు. 1996లో ప్రకటించిన ప్రమాణపత్రంలో ఈ మాటకు ఇంగ్లీషులో ఒక అక్షరం తప్పిపోయినది. ఆ తప్పు అచ్చయిపోయినది కనుక ఈనాటికీ ప్రపంచమంతా తప్పు అక్షరాలతోనే వాడుతున్నది. పాత సర్క్యులర్లలో అచ్చుతప్పు తరువాత నిబంధనగా స్థిరపడుట మనకు మాత్రమే పట్టిన తెగులు కాదని తెలిసి నాకు కొంత ఊరట కలిగినది.

ఈ ముద్రలో ఒకప్పుడు బయలుదేరిన పేజీ పూర్తి చిరునామా ఉండేది. 2020 నుండి క్రోమ్ బ్రౌజరు, తరువాత ఇతర బ్రౌజర్లు, వేరొక వెబ్‌సైటుకు వెళ్ళేటప్పుడు బయలుదేరిన వెబ్‌సైటు పేరు మాత్రమే చెప్పే పద్ధతిని సాధారణ నియమంగా పెట్టుకున్నాయి. కనుక సందర్శకుడు చాట్‌జీపీటీ నుండి వచ్చినాడని తెలుస్తుంది. అతడు అక్కడ ఏమి ప్రశ్న అడిగినాడో తెలియదు. ముద్ర మీద ఊరి పేరున్నది, లోపలి ఉత్తరం మూసే ఉన్నది. అది అట్లాగే ఉండవలెనని నా అభిప్రాయం. ఆ సంగతి చివరలో చెబుతాను.

గూగుల్ ఎనలిటిక్స్ వాడుతున్న శాఖలు చేయవలసిన పని చిన్నది. చాట్‌జీపీటీ, పెర్ప్లెక్సిటీ, జెమినై, కోపైలట్, క్లాడ్ వెబ్‌సైట్ల పేర్లను ఒక వర్గంగా చేర్చి, దానికి "ఏ.ఐ. సహాయకులు" అని పేరు పెట్టి, రెఫరల్ అను సాధారణ వర్గానికి పైన ఉంచవలెను. అక్కడ నియమాలను పై నుండి క్రిందికి వరుసగా చూస్తారు. ఏ గడిలో ముందు ఇమిడితే సందర్శన ఆ గడిలోనే పడుతుంది, సార్టింగు కేసులో మాదిరిగానే. క్రింద పెడితే మీ కొత్త గడి చాలావరకు ఖాళీగా ఉంటుంది, "మనకు ఏ.ఐ. ద్వారా పెద్దగా ఎవరూ రావడం లేదు" అని నివేదిక వస్తుంది. ఈ వర్గీకరణ పాత నెలల నివేదికలకు కూడా వర్తిస్తుంది గనుక, ఇవాళ పెట్టినా గత సంవత్సరం సంగతి కొంత తెలుస్తుంది.

చాట్‌జీపీటీ మరొక పని కూడా చేస్తున్నది. తాను చూపే లింకు చివర "సోర్స్ చాట్‌జీపీటీ డాట్ కామ్" అను అర్థం వచ్చే చిన్న తోక తగిలిస్తున్నది. ఇది లెక్కించేవారికి మేలు. ముద్ర చెరిగిపోయినా తోక మిగులుతుంది. కాని దీనిలో ఒక చిక్కున్నది, ఇది మన సంఘాలలోనే ఎక్కువగా సంభవిస్తుంది. ఒక శాఖా కార్యదర్శి చాట్‌జీపీటీని అడిగి మన సర్క్యులరు లింకు సంపాదించినాడనుకొనండి. దానిని అట్లాగే కాపీ చేసి రెండు వందల మంది ఉన్న వాట్సాప్ గ్రూపులో పెట్టినాడు. ఎనభై మంది నొక్కినారు. ఆ ఎనభై మందీ తోకతో సహా వచ్చినారు గనుక లెక్కలో ఎనభై మంది చాట్‌జీపీటీ ద్వారా వచ్చినట్లు నమోదవుతుంది. వాస్తవంలో యంత్రం లింకు చూపినది కార్యదర్శి ఒక్కరికే. ఆ ఎనభై మందినీ పంపినది మన కార్యదర్శి. ఒక గంట వ్యవధిలో ఒకే పేజీకి ఒకేసారి వెల్లువ వచ్చినదంటే అది సాధారణంగా ఇదే. గ్రూపులో లింకు పెట్టేముందు ప్రశ్నార్థక చిహ్నం దగ్గర నుండి తోక కత్తిరించుట అలవాటు చేసుకొనండి. కత్తిరించిన లింకు తెరుచుకొంటున్నదా లేదా అని ఒకసారి చూసుకొని పెట్టండి.

ముద్రా తోకా రెండూ లేనివి కూడా ఉన్నాయి. ఫోనులోని యాప్ నుండి వచ్చే సందర్శనలు చాలాసార్లు ఏ ముద్రా లేకుండా వస్తాయి. ప్రశ్న అడిగి, జవాబులో మన పేరు చూసి, దానిని చేతితో టైపు చేసి వచ్చినవారికీ ముద్ర ఉండదు. వీరందరినీ లెక్కించే యంత్రం "డైరెక్ట్" అను సంచిలో పడవేస్తుంది. ఆ సంచిలో పాత మిత్రులు, పేజీని దాచుకున్నవారు, వాట్సాప్ నుండి వచ్చినవారు, ఏ.ఐ. యాప్ నుండి వచ్చినవారు అందరూ కలిసే ఉంటారు. ముద్ర లేని ఉత్తరాల కట్టను చూసి ఏ ఊరి నుండి ఎన్ని వచ్చినవో చెప్పగల సార్టరు ఎవరైనా ఉన్నారా? కాబట్టి ఏ.ఐ. గడిలో పడిన సంఖ్యను "కనీసం ఇంతమంది" అని చదవవలెనే తప్ప "ఇంతే మంది" అని చదువరాదు. గూగుల్ సారాంశం నుండి వచ్చినవారి సంగతి ఇంకా కష్టం. వారు గూగుల్ ముద్రతోనే వస్తారు. గూగుల్ 2025లో ఇచ్చిన వివరణ ప్రకారం సెర్చ్ కన్సోల్‌లో కూడా ఆ సందర్శనలను సాధారణ వెతుకులాట మొత్తంలోనే కలిపి చూపుతున్నారు. వాటిని వేరు చేసి చెబుతామని ఎవరైనా సాఫ్ట్‌వేరు అమ్మ వస్తే, ఎట్లా చేస్తారో ముందు చెప్పమనండి.

ఇంతవరకు చెప్పినది వచ్చినవారి లెక్క. నా దృష్టిలో ముఖ్యమైనది రానివారి లెక్క.

రైల్వే సోదరులకు తెలిసిన ఉదాహరణ చెబుతాను. ప్లాట్‌ఫారం గేటు దగ్గర టికెట్ కలెక్టరు లెక్క ఒకటి. స్టేషన్ మాస్టరు బల్ల మీది ట్రెయిన్ సిగ్నల్ రిజిస్టరు మరొకటి. గేటు లెక్కలో దిగినవారే ఉంటారు. రిజిస్టరులో ఆగిన బండీ ఉంటుంది, ఆగకుండా పోయిన బండీ ఉంటుంది. వెబ్‌సైటులో కూడా ఈ రెండూ ఉన్నాయి. ఎనలిటిక్స్ గేటు లెక్క. మనిషి బ్రౌజరులో పేజీ తెరుచుకొని, అందులోని చిన్న ప్రోగ్రాం నడిస్తేనే అది లెక్కిస్తుంది. ఏ.ఐ. సంస్థల యంత్రాలు పేజీలోని అక్షరాలను తీసుకొని పోతాయే గాని ఆ ప్రోగ్రాంను సాధారణంగా నడపవు. నడిపినా, తెలిసిన యంత్రాలను గూగుల్ లెక్క నుండి తీసివేస్తుంది. సర్వరు చిట్టా మాత్రం రిజిస్టరు వంటిది. ఎవరు వచ్చి ఏ పేజీ అడిగినా ఒక పంక్తి పడుతుంది. ఏ తేదీ, ఏ గంట, ఏ పేజీ, అడిగినవారు తమను గురించి చెప్పుకొన్న పేరు, అన్నీ అందులో ఉంటాయి.

ఆ పేర్లను చదువుట నేర్చుకొనవలెను. ఓపెన్‌ఏఐ సంస్థ యంత్రాలనే తీసుకొనండి. 'జీపీటీబాట్' అని వచ్చినది తన నమూనాలకు శిక్షణ ఇచ్చుటకు పాఠం సేకరించుకొని పోతుంది. 'ఓఏఐ సెర్చ్‌బాట్' అని వచ్చినది వెతుకులాటకు సూచిక తయారు చేసుకొంటుంది. 'చాట్‌జీపీటీ యూజర్' అని వచ్చినది వేరు జాతి. ఎక్కడో ఒక మనిషి అప్పుడే ఒక ప్రశ్న అడిగినాడు, ఆ జవాబు కొరకు అది మన తలుపు తట్టినది. ఆంత్రోపిక్ సంస్థకు 'క్లాడ్‌బాట్', 'క్లాడ్ సెర్చ్‌బాట్', 'క్లాడ్ యూజర్' అని ఉన్నాయి. పెర్ప్లెక్సిటీకి 'పెర్ప్లెక్సిటీబాట్', 'పెర్ప్లెక్సిటీ యూజర్' అని రెండున్నాయి. పేరు చివర 'యూజర్' అని ఉన్న పంక్తులను విడదీసి లెక్కించండి. అది ప్రశ్నల లెక్కకు సరిసమానం కాదు. ఒక ప్రశ్నకు నాలుగు పేజీలు అడగవచ్చు, ముందే తీసి పెట్టుకొన్న ప్రతితో సరిపెట్టుకొని అసలు రాకనే పోవచ్చు. కాని ప్రతి పంక్తి వెనుకా సాధారణంగా ఒక అవసరం ఉన్నది. గేటు లెక్కలో సున్నా ఉన్న పేజీకి రిజిస్టరులో అటువంటి పంక్తులు ఉంటే, ఆ పేజీ ఎవరికో పనికి వస్తున్నదన్న మాట. పేరు ఎవరైనా పెట్టుకొనవచ్చును, దొంగ పేరుతో వచ్చే యంత్రాలూ ఉన్నాయి. ఓపెన్‌ఏఐ తన యంత్రాలు వాడే చిరునామా సంఖ్యలను ప్రకటిస్తున్నది గనుక, అనుమానం వస్తే పోల్చి చూడవచ్చు.

వచ్చి తీసుకొనిపోవుటకు, తిరిగి మనుషులను పంపుటకు నడుమ తేడా ఎంత ఉన్నదో క్లౌడ్‌ఫ్లేర్ సంస్థ లెక్క కట్టినది. 2025 జూన్‌లో తాము చూసిన వెబ్‌సైట్లలో గూగుల్ ఒక్క సందర్శకుని పంపుటకు 14 పర్యాయాలు పేజీలు తీసుకొన్నదని, ఓపెన్‌ఏఐ 1,700 పర్యాయాలు, ఆంత్రోపిక్ 73,000 పర్యాయాలు తీసుకొన్నవని ఆ సంస్థ చెప్పినది. ఈ అంకెలను చూసి బల్ల గుద్దేముందు రెండు సంగతులు గమనించండి. క్లౌడ్‌ఫ్లేర్ ఇటువంటి యంత్రాలను ఆపే సేవను కూడా అమ్ముతున్నది. రెండవది, యాప్‌ల నుండి ముద్ర లేకుండా వచ్చినవారు ఈ లెక్కలోనూ పడలేదు. మన ముద్ర లేని ఉత్తరాల కథే అక్కడా ఉన్నది. అసలు తేడా ఇంతకంటె తక్కువ ఉండవచ్చును, కాని లేకుండా పోదు.

ఇంత శ్రమ పడి లెక్క తీసి ఏమి చేస్తాం? ఇక్కడ ఒక నిజమైన సందర్భం చూద్దాం. ఏకీకృత పింఛను పథకం 2025 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చినది. అప్పటికి ఎన్.పి.ఎస్.లో ఉన్న కేంద్ర ఉద్యోగి దానికి మారదలచినచో గడువులోగా ఐచ్ఛికం ఇవ్వవలసి ఉండినది. మొదట పెట్టిన గడువు 2025 జూన్ 30. తరువాత దానిని సెప్టెంబరు 30కి, ఆ తరువాత నవంబరు 30కి పొడిగించారు. అయిదు నెలల కాలంలో ఒకే ప్రశ్నకు మూడు జవాబులు. ప్రతి సంఘం వెబ్‌సైటులోను మూడు సర్క్యులర్లు మూడు వేరు వేరు పేజీలుగా ఉండి ఉంటాయి. మనిషి వచ్చి చూస్తే పైన కొత్తది కనబడుతుంది. యంత్రం అట్లా రాదు. దానికి ఏ పేజీ దొరికితే ఆ పేజీ నుండి ముక్క తీసుకొంటుంది. అక్టోబరులో ఒక ట్రాక్‌మన్ తన ఫోనులో "ఐచ్ఛికం గడువు ఎప్పుడు" అని అడిగితే, మన పాత పేజీ ఆధారంగా "జూన్ 30తో ముగిసినది" అని జవాబు వచ్చుటకు అవకాశమున్నది. ఆ జవాబు క్రింద ఆధారంగా మన సంఘం పేరే ఉంటుంది. అతడు నమ్మి ఊరుకొంటే, పింఛను విషయంలో జీవితాంతం ఉండే నిర్ణయం ఒక పాత కాగితం మీద జరిగిపోతుంది. అతడు మన వెబ్‌సైటుకు రాలేదు గనుక గేటు లెక్కలో ఈ ఉదంతం జాడ కూడా ఉండదు.

చిట్టాలో ఉంటుంది. అక్టోబరు నెలలో 'యూజర్' యంత్రాలు జూన్ నాటి పేజీని అడుగుతున్నాయని కనబడిన నాడు కార్యదర్శి చేయవలసిన పని వెంటనే తెలుస్తుంది. పాత పేజీని తొలగించనవసరం లేదు. తొలగిస్తే చరిత్ర పోతుంది, తీసి దాచుకొన్న ప్రతులు మాత్రం మిగులుతాయి. ఆ పేజీ మొదటి పంక్తిగా "ఈ గడువు తరువాత పొడిగించబడినది, కొత్త తేదీ ఇది" అని వ్రాసి, కొత్త పేజీకి లింకు ఇవ్వవలెను.

అదే విధంగా, ఎవరికి వర్తిస్తుందన్న మాట. ఎనిమిదవ వేతన సంఘం పరిశీలనాంశాలను మంత్రివర్గం 2025 అక్టోబరు 28న ఆమోదించినది. నివేదికకు 18 నెలల గడువిచ్చారు. ఆనాటి నుండి వేతనం ఎంత పెరుగుతుందన్న ప్రశ్నకు అంతులేదు. గ్రామీణ డాక్ సేవకుల పారితోషికం వేతన సంఘం పరిధిలో లేదని, అది వేరే ఏర్పాటు ప్రకారం నిర్ణయమవుతున్నదని ఇక్కడున్న తపాలా సోదరులందరికీ తెలుసు. మన సర్క్యులరులో "తపాలా ఉద్యోగులకు" అని మాత్రమే వ్రాస్తే యంత్రానికి ఈ భేదం తెలియదు. మన పాఠకుడు సర్క్యులరు మొత్తం చదివేవాడు, యంత్రం ఒక పేరా తీసుకొంటుంది. కాబట్టి "పైన చెప్పినవారికి" అని వ్రాయుట మాని, ప్రతి పేరాలోనూ ఎవరికో పేరు చెప్పి వ్రాయండి. సర్క్యులరు కొంత పొడుగవుతుంది. పరవాలేదు.

ఇప్పుడు తెలుగు పేజీల సంగతి. ఈ సమావేశంలో నిర్ణయం కావలసినది ఇదే గనుక నేను సూటిగా చెబుతాను. మన తెలుగు సర్క్యులర్లలో చాలా భాగం ఇప్పటికీ డి.టి.పి.లో అను ఫాంట్లతో కూర్చి, పి.డి.ఎఫ్. చేసి పెడుతున్నాం. కంటికి అందంగా ఉంటుంది. అదే పి.డి.ఎఫ్. నుండి ఒక వాక్యం కాపీ చేసి మరొక చోట అతికించి చూడండి. తెలుగు అక్షరాలకు బదులు ఇంగ్లీషు అక్షరాల, గుర్తుల గందరగోళం వస్తుంది. యంత్రానికి కనబడేది ఆ గందరగోళమే. కొన్ని శాఖలు కాగితాన్ని స్కాను చేసి బొమ్మగా పెడుతున్నాయి. అందులో అసలు అక్షరమే లేదు. అటువంటి పేజీని వెతుకులాట యంత్రం సూచికలో సరిగా పెట్టుకోలేకపోవచ్చు, ఏ.ఐ. సహాయకుడు సరిగా చదువలేడు. తెలుగులో ప్రశ్న అడిగిన సభ్యునికి కూడా అది ఇంగ్లీషు పేజీ నుండే జవాబు తెచ్చి, తాను అనువదించి చెబుతుంది. ఆ అనువాదంలో 'ఆప్షన్' అన్నది 'ఎంపిక' అవుతుంది, 'కేడర్' ఏమవుతుందో చెప్పలేం. అంటే తెలుగు పేజీకి ఎవరూ రావడం లేదన్న మాట నిజమే. చిరునామా చదువరాని ఉత్తరం బట్వాడా కాలేదని ఉత్తరాలు వ్రాయుటే మానుకొందామా? ముందు ఆరు నెలల పాటు తెలుగు సర్క్యులర్లను యూనికోడ్ అక్షరాలలో, పేజీలోనే, పాఠంగా పెట్టండి. పి.డి.ఎఫ్. కూడా కావలెనంటే ప్రక్కన ఉంచండి. ఆ తరువాత గేటు లెక్క, రిజిస్టరు లెక్క రెండూ తీసి, అప్పుడు మూసివేత ప్రతిపాదన తెండి. చర్చిద్దాం.

లెక్కకు ఒక హద్దున్నది. ఆరంభంలో వాయిదా వేసిన మాట అదే. లెక్కించుట రుచి మరిగినవానికి ఇంకా వివరంగా తెలుసుకొనవలెనని ఆశ పుడుతుంది. ఎవరు అడిగినారు, ఏ డివిజన్ వాడు, ఏ ప్రశ్న మీద వచ్చినాడు, ఫోను నంబరు ఇస్తేనే సర్క్యులరు తెరుచుకొనేట్లు చేస్తే ఎట్లా ఉంటుంది అని. ఈ ఆలోచనను నేను పూర్తిగా వ్యతిరేకిస్తున్నాను. సంఘం వెబ్‌సైటులో చార్జిషీటుకు జవాబు ఎట్లా వ్రాయవలెనో చదువుతున్న ఉద్యోగి పేరు ఒక పట్టికలోకి ఎక్కిన తరువాత, ఆ పట్టిక ఎవరి చేతికి పోతుందో మన చేతిలో ఉండదు. యూరపులో 2018 నుండి అమలులో ఉన్న సమాచార రక్షణ నిబంధనావళి కార్మిక సంఘ సభ్యత్వాన్ని, ఆరోగ్యం, మత విశ్వాసం వలెనే, ప్రత్యేక రక్షణ గల సమాచారంగా పేర్కొన్నది. మన దేశపు 2023 డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టంలో అటువంటి ప్రత్యేక వర్గం లేదు. చట్టం మనకు ఇవ్వని రక్షణను మనమే మన సభ్యులకు ఇచ్చుకొనవలసి ఉన్నది. మనకు కావలసినది ఏ పేజీని ఎన్నిసార్లు, ఏ దారిన అన్నంత వరకే. ఎవరు అన్నది మనకు అనవసరం. ఉచితంగా వస్తున్నవి గదా అని వెబ్‌సైటులో తగిలించిన లెక్కింపు పరికరాలు సభ్యుని జాడను బయటి కంపెనీలకు చేరవేస్తాయని కూడా గుర్తుంచుకొనండి. మాటోమో వంటి సాఫ్ట్‌వేరును మన సర్వరులోనే పెట్టుకొని చిట్టా నుండి లెక్క తీసుకొనవచ్చు. గూగుల్ ఎనలిటిక్స్‌కు బదులు అదే మేలని నా సలహా. పెట్టలేని చిన్న శాఖలు నెలకొకసారి చిట్టా తెచ్చుకొని, సంఖ్యలు వ్రాసుకొని, చిరునామా సంఖ్యలున్న మూలప్రతిని తమ కంప్యూటరులో నుండి తీసివేయవచ్చు.

యంత్రాలను అసలు రానీయకుండా ఆపవచ్చు గదా అని ఉదయం ఒక సోదరుడు అడిగినారు. వెబ్‌సైటులో రోబోట్స్ ఫైలు అని ఒకటి పెట్టి ఫలానా యంత్రం రావద్దని వ్రాయవచ్చు. ఆ ఆచారం 1994 నుండి ఉన్నది. అది గేటుకు కట్టిన నోటీసు, తాళం కాదు. గౌరవించేవారు గౌరవిస్తారు. పత్రికల వారికి చదువరి రాకనే జీవనాధారం గనుక వారి పోరాటం వేరు. మనం సర్క్యులరు అమ్ముకొనడం లేదు, అది సభ్యునికి చేరితే చాలు. నా అభిప్రాయంలో శిక్షణ కొరకు వచ్చే యంత్రాలను ఆపాలా వద్దా అన్నది ఫెడరేషన్ కార్యవర్గం తీరికగా తేల్చవచ్చు. సభ్యుని ప్రశ్న మీద వచ్చే 'యూజర్' యంత్రాన్ని మాత్రం ఆపరాదు. దానిని ఆపితే సభ్యుడు ప్రశ్న మానడు, జవాబు మరెక్కడి నుండో వస్తుంది.

మీకు పంచిన నమూనా పత్రంలో అయిదు గడులున్నాయి: ఏ.ఐ. ముద్రతో వచ్చినవారు, డైరెక్ట్, గూగుల్, చిట్టాలో 'యూజర్' పంక్తులు, ఆ పంక్తులలో ఎక్కువగా కనబడిన పది పేజీలు. అయిదవ గడిని ముందుగా నింపండి. పాత గడువులున్న పేజీలు అందులో కనబడితే నివేదిక పంపేదాకా ఆగకుండా అదే రోజు దిద్దండి. చిట్టా తెరిచి చూచే విధానం భోజన విరామం తరువాత కంప్యూటరు మీద చూపిస్తారు. దానికి మీ శాఖ వెబ్‌సైటు సర్వరు పాస్‌వర్డు కావలెను. అది ఏ మాజీ కార్యదర్శి దగ్గర ఉండిపోయినదో ఈలోగా ఫోను చేసి కనుక్కొనండి.